ఆరు నాలుగయ్యే చోటు: లాటిస్ మీద నాలుగు ఫెర్మియాన్లు

గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలోనో, కందిలోని ఐఐటీలోనో క్వాంటమ్ ఫీల్డ్ థియరీ చదివే విద్యార్థులు కోర్సు సగానికి రాకముందే ఒక చిన్న లెక్క చేస్తారు. మనం ఉండే దేశకాలానికి నాలుగు డైమెన్షన్లు. స్థలానికి మూడు, కాలానికి ఒకటి. ఎలక్ట్రాన్, క్వార్క్ లాంటి ఫెర్మియాన్ ఫీల్డును ద్రవ్యరాశి ప్రమాణంలో కొలిస్తే దాని వంతు ఒకటిన్నర. నాలుగు ఫెర్మియాన్లు ఒకే బిందువు దగ్గర తగులుకునే పదం రాస్తే దాని కొలత నాలుగు ఒకటిన్నరలు, అంటే 6. దేశకాలం కొలత 4. నాలుగు కన్నా ఆరు పెద్దది కాబట్టి, శక్తి తగ్గేకొద్దీ ఆ పదం పలచబడి కనిపించకుండా పోతుంది. పుస్తకాల భాషలో అది ‘ఇర్రెలవెంట్’. లెక్క ఐదు నిమిషాల్లో అయిపోతుంది, పరీక్షలో రెండు మార్కులొస్తాయి, ఆ తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఈ వ్యాసం ఆ ఎత్తని ఊసు గురించి. ఆ ఆరు ఎప్పుడూ ఆరుగానే ఉండాలని రూలేమీ లేదు. ఫెర్మియాన్ల మధ్య బలమైన గేజ్ బలం (విద్యుదయస్కాంత బలం, క్వార్కులను కట్టి ఉంచే బలం ఈ కోవవే) పనిచేస్తుంటే ఆ అంకె కిందికి జారుతుంది. జారి జారి నాలుగుకు చేరిందంటే, పనికిరాదని పక్కన పడేసిన పదమే సిద్ధాంతం తలరాతను మార్చేస్తుంది. ఎంత జారుతుందన్నది మాత్రం కాగితం, పెన్నుతో నమ్మకంగా తేలదు. దేశకాలాన్ని చుక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించే లాటిస్ పద్ధతి అక్కడే కావాల్సి వస్తుంది.

చౌరస్తా అసలుదేనా?

హైదరాబాద్‌లో నాలుగు దారులు కలిసే చోటును చౌరస్తా అంటారు. నాలుగు ఫెర్మియాన్ల పదాన్ని బొమ్మ గీస్తే అచ్చం అలాగే ఉంటుంది. రెండు గీతలు లోపలికి, రెండు గీతలు బయటికి, మధ్యలో ఒకే చుక్క. 1934లో ఎన్రికో ఫెర్మి బీటా క్షయాన్ని ఇలాగే రాశాడు. న్యూట్రాన్, ప్రోటాన్, ఎలక్ట్రాన్, న్యూట్రినో నాలుగూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. 1957లో ఆ చుక్కకు సరైన గణిత రూపం ఏదో తేల్చినవాళ్లలో కేరళలో పుట్టిన ఈసీజీ సుదర్శన్ ఒకరు. ఆయన, మార్షక్ కలిసి ఆ పని చేశారు.

ఫోన్‌లో నగరం మ్యాప్ తెరిచి దూరం నుంచి చూస్తే చౌరస్తాలా కనిపించే చోటు, వేళ్లతో పెద్దది చేసి చూస్తే ఒక్కోసారి చౌరస్తా కాదని తెలుస్తుంది. మూడేసి రోడ్లు కలిసే కూడళ్లు రెండు ఉంటాయి, వాటిని కలిపే పొట్టి రోడ్డు ముక్క ఒకటి ఉంటుంది. ఫెర్మి చుక్క సంగతీ అంతే. పెద్దది చేసి చూస్తే మధ్యలో డబ్ల్యూ బోసాన్ అనే పొట్టి రోడ్డు ఉంది. దాని ద్రవ్యరాశి సుమారు 80 జీఈవీ (కణాల బరువు కొలిచే ప్రమాణం; వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ, జీఈవీలో వెయ్యో వంతు ఒక ఎంఈవీ), అంటే ప్రోటాన్‌కు ఎనభై అయిదు రెట్లకు పైనే. బరువు ఎంత ఎక్కువైతే ఆ రోడ్డు అంత పొట్టి. 1983లో సెర్న్‌లో అది దొరికే దాకా ప్రయోగాల్లో కనిపించింది చౌరస్తానే. కాబట్టి నాలుగు ఫెర్మియాన్ల పదం ఎక్కడ ఎదురైనా ముందు వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది నిజంగా చౌరస్తానా, లేక మనం ఇంకా జూమ్ చేయలేదా?

1961లో యోయిచిరో నంబు, జియోవానీ జోనా-లాసినియో ఇదే పదాన్ని వేరే పనికి వాడారు. అప్పటికి క్వార్క్ అనే మాటే లేదు, అది 1964లో వచ్చింది. 1957లో వచ్చిన సూపర్ కండక్టివిటీ సిద్ధాంతంలో ఎలక్ట్రాన్లు జంటలు కట్టినట్టే, శూన్యంలో ఫెర్మియాన్లు, వాటి ప్రతికణాలు జంటలు కడితే ఏమవుతుందని వాళ్లు అడిగారు. జవాబులో ఒక గడప ఉంది. నాలుగు ఫెర్మియాన్ల బలం ఆ గడపకు ఇవతల ఉన్నంత కాలం ఏమీ జరగదు. గడప దాటగానే జంటలు శూన్యమంతా నిండిపోతాయి, బరువు లేని ఫెర్మియాన్‌కు బరువు వస్తుంది, ఎడమచేతివాటం, కుడిచేతివాటం ఫెర్మియాన్లను విడివిడిగా ఉంచే కైరల్ సౌష్ఠవం విరిగిపోతుంది. నంబుకు 2008లో నోబెల్ తెచ్చిపెట్టిన ఆలోచన ఇదే.

ఇప్పుడు ఈ రెంటినీ కలపాలి. ఒక చేతిలో గేజ్ బలం మీట, ఇంకో చేతిలో నాలుగు ఫెర్మియాన్ల బలం మీట. నంబు, జోనా-లాసినియో పేర్ల మీద దీన్ని గేజ్డ్ ఎన్‌జేఎల్ నమూనా అంటారు. 1980ల్లో మిరాన్‌స్కీ, బార్డీన్, లియుంగ్, లవ్ లాంటివాళ్లు దీన్ని కాగితం మీద సాధించి ఒక అందమైన ఫలితం తెచ్చారు. రెండు మీటలనూ ఒక గ్రాఫు కాగితం మీద రెండు అక్షాలుగా గీస్తే, సౌష్ఠవం విరిగే చోట్లన్నీ కలిసి ఒక గీత అవుతాయి. ఆ గీతకు ఒక చివర నాలుగు ఫెర్మియాన్ల బలం ఒక్కటే ఉంటుంది. రెండో చివర గేజ్ బలం π/3, అంటే సుమారు 1.05 దగ్గర ఉంటుంది. ఈ రెండు చివరల మధ్య గామా అనే అంకె 2 నుంచి 1 దాకా మెల్లగా మారుతుంది.

ఈ గామాయే అసలు పాత్ర. ద్రవ్యరాశి పదం తన మామూలు కొలత నుంచి ఎంత పక్కకు జరిగిందో అది చెబుతుంది. నాలుగు ఫెర్మియాన్ల పదం కొలత 6 నుంచి రెండు గామాలు తీసేస్తే వచ్చేంత. గామా సున్నా అయితే పాత ఆరే. గామా 1 అయితే సరిగ్గా 4. గామా 2 అయితే 2. ఈ తీసివేత ఫెర్మియాన్ రకాలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడే కచ్చితం, మామూలుగా ఉజ్జాయింపు. 1980ల ఫలితంలో ఇంకో లొసుగు కూడా ఉంది. లెక్కలో వచ్చే ఫైన్‌మన్ బొమ్మల్లో నిచ్చెన ఆకారంలో ఉండేవాటినే తీసుకుని, మిగతావాటిని వదిలేశారు. అవి చిన్నవని ఎవరూ రుజువు చేయలేదు. ఆ గీత అందమైనదే, కానీ దాని పునాది ఒక ఊహ.

ఒక్క అంకె కోసం ఇంత తాపత్రయం ఎందుకు?

ఇక్కడ చిన్న లెక్క వేయక తప్పదు. హిగ్స్ కణం లేకుండానే బరువులు పుట్టించాలని 1970ల చివర్లో వైన్‌బర్గ్, సస్కిండ్ టెక్నికలర్ అనే ఆలోచన తెచ్చారు. సుమారు 1 టీఈవీ దగ్గర కొత్త గేజ్ బలం ఒకటి ఫెర్మియాన్లను జంటలుగా కట్టేస్తుంది. ఆ జంటల నుంచి మామూలు క్వార్కులకు బరువు అందాలంటే మధ్యలో వంతెన కావాలి. ఆ వంతెన మళ్లీ నాలుగు ఫెర్మియాన్ల పదమే: రెండు కొత్తవి, రెండు పాతవి. దానికీ వెనుక ఒక పొట్టి రోడ్డు ఉంటుంది. ఆ రోడ్డు బరువు తక్కువైతే స్ట్రేంజ్ క్వార్కు ఉండే కేయాన్ కణాల్లో మనం ఎన్నడూ చూడనంత వేగంగా మార్పులు జరగాలి. జరగడం లేదు కాబట్టి ఆ బరువు వెయ్యి టీఈవీ స్థాయిలో ఉండాలి. అప్పుడు క్వార్కుకు అందే బరువు ఎంత? ఒకటి ఘనాన్ని వెయ్యి వర్గంతో భాగిస్తే టీఈవీలో పదిలక్షో వంతు, అంటే 1 ఎంఈవీ. స్ట్రేంజ్ క్వార్కుకే సుమారు 95 ఎంఈవీ కావాలి. కథ అక్కడే ఆగిపోయింది.

గామా 1 దగ్గర చాలా దూరం నిలబడితే అదే లెక్కకు వెయ్యి రెట్లు కలిసొస్తుంది: 1 ఎంఈవీ కాస్తా 1 జీఈవీ. చార్మ్ క్వార్క్ బరువు సుమారు 1.27 జీఈవీ కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. 173 జీఈవీ ఉన్న టాప్ క్వార్కుకు ఇదీ చాలదు, గామా 1 దాటాలి. ‘వాకింగ్’ అనే పేరుతో 1980ల నుంచి జనం వెతికింది ఈ గామానే. గేజ్ బలం శక్తితో పాటు పరుగెత్తకుండా నడవాలి, నడుస్తున్నంత సేపూ గామా పెద్దదిగా ఉండాలి.

2012లో 125 జీఈవీ దగ్గర హిగ్స్ కణం దొరికాక టెక్నికలర్ పాత రూపానికి దాదాపు కాలం చెల్లింది. ఆ శవపరీక్ష ఇక్కడ అవసరం లేదు. గామా ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఎందుకంటే అది ఫలానా నమూనాకు సంబంధించింది కాదు. గేజ్ బలం నాలుగు ఫెర్మియాన్ల పదాన్ని ఎంత బతికించగలదన్నది ఫీల్డ్ థియరీ ప్రశ్న.

చుక్కలు, గీతలు, మధ్యవర్తి

ధనుర్మాసం వచ్చిందంటే నల్లకుంట, మల్కాజిగిరి సందుల్లో తెల్లవారకముందే వాకిట్లో చుక్కలు పడతాయి. (అపార్ట్‌మెంట్లలో స్టిక్కర్ ముగ్గులు వచ్చాక ఇది తగ్గింది, అది వేరే గొడవ.) లాటిస్ అంటే సరి చుక్కల ముగ్గు లాంటిదే, కాకపోతే నాలుగు డైమెన్షన్లలో పెట్టింది. చుక్కల మీద ఫెర్మియాన్లు ఉంటాయి. పక్కపక్క చుక్కలను కలిపే గీతల మీద గేజ్ ఫీల్డు ఉంటుంది. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసినట్టు, ఇక్కడ కూడా గీతల్లో అర్థం ఉన్నవి మూసుకున్న చుట్లే. అన్నిటికన్నా చిన్న చుట్టు నాలుగు గీతల గడి. 1974లో కెన్నెత్ విల్సన్ ఈ ముగ్గు వేశాడు. 1970ల చివర్లో మైకేల్ క్రూట్జ్ దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించి, లక్షల సార్లు పాచికలు వేసినట్టు గీతల విలువలు మారుస్తూ సగటు తీసే పద్ధతిని పని చేయించి చూపించాడు.

సైజు ఎంత ఉంటుందో ఒకసారి చూడాలి. స్థలంలో 32 చొప్పున మూడు వైపులా, కాలంలో 64 చుక్కలు పెడితే మొత్తం 20,97,152 చుక్కలు. ఒక్కో చుక్కకు నాలుగు గీతల చొప్పున 83,88,608 గీతలు. క్వార్కుల బలమైతే ఒక్కో గీత మీద మూడు బై మూడు సంకీర్ణ మాత్రిక, అంటే 18 మామూలు అంకెలు. మొత్తం కలిపితే 1.2 గిగాబైట్లు. ఫోన్‌లోని మెమరీ కార్డు మీద ఇలాంటివి పదుల కొద్దీ పడతాయి. అంటే కష్టం దాచుకోవడంలో లేదు. ఒక్కో చుక్కలో నాలుగు స్పిన్లు, మూడు రంగులు కలిపితే ఫెర్మియాన్ మాత్రికకు రెండున్నర కోట్ల వరసలు వస్తాయి. ముగ్గు ఒక్క అడుగు మారినప్పుడల్లా ఆ మాత్రికతో సమీకరణాలు మళ్లీ మళ్లీ సాధించాలి. సూపర్ కంప్యూటర్ తినే కరెంటంతా ఇక్కడికే పోతుంది.

ఫెర్మియాన్లతో అసలు చిక్కు వేరే ఉంది. అవి మామూలు అంకెలు కావు. రెంటి వరస మారిస్తే గుర్తు మారిపోతుంది, ఒకదాన్ని దానితోనే గుణిస్తే సున్నా. అలాంటివాటిని కంప్యూటర్ మెమరీలో పెట్టలేం. ఉపాయం ఏమిటంటే, వాటిని ముందే చేత్తో తీసేసి, వాటి బదులు ఒక డిటర్మినెంట్ పెట్టడం. కానీ ఆ సూత్రం ఫెర్మియాన్లు రెండేసి ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన పదంలో నాలుగు ఉన్నాయి.

అప్పుడు మధ్యవర్తి రావాలి. స్ట్రాటోనోవిచ్ 1957లో, హబ్బర్డ్ 1959లో చూపించిన దారి ఇది. నలుగురూ ఒకేసారి మాట్లాడుకునే బదులు, ఇద్దరిద్దరు విడివిడిగా ఒక బ్రోకర్‌తో మాట్లాడతారు. బ్రోకర్ పేరు సిగ్మా. ప్రతి చుక్క మీదా ఒకడు కూర్చుంటాడు. వాడి విలువల మీద సగటు తీస్తే పాత నాలుగు ఫెర్మియాన్ల పదమే తూచా తప్పకుండా తిరిగి వస్తుంది. ఇందులో ఉజ్జాయింపు లేదు. చౌరస్తాను మనమే కావాలని రెండు మూడు-దారుల కూడళ్లుగా విడగొట్టామన్నమాట. మొదట్లో ఈ బ్రోకర్‌కు సొంత కదలిక లేదు, కూర్చున్న చుక్క వదిలి పక్క చుక్కకు పోలేడు. గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫెర్మియాన్లే వాడికి కదలిక ఇస్తాయి. లెక్క కోసం పెట్టుకున్న ఉత్తుత్తి ఫీల్డు నిజమైన కణంలా పరుగెత్తుతుంది. హిగ్స్ లాంటి కణం ఫెర్మియాన్ల నుంచే పుట్టొచ్చన్న ఆశకు మూలం ఇది. లాటిస్ మీద ఆ పుట్టుకను అడుగడుగునా కొలవొచ్చు.

బ్రోకర్ వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది. పాచికలు వేయాలంటే ప్రతి అవకాశానికీ బరువు ధనాత్మకంగా ఉండాలి. సిగ్మాకు తోడు, కైరల్ సౌష్ఠవం కోసం పై (π) అనే రెండో బ్రోకర్‌ను పెట్టగానే డిటర్మినెంట్ సంకీర్ణ సంఖ్య అయిపోవచ్చు. రెండు రకాల ఫెర్మియాన్లు తీసుకుని, ఒకదానికి పై విలువను ప్లస్ గుర్తుతో, రెండోదానికి మైనస్ గుర్తుతో ఇస్తే ఒక డిటర్మినెంట్ రెండోదానికి సంకీర్ణ సంయుగ్మం అవుతుంది. రెంటి గుణకారం ఎప్పుడూ రుణం కాదు. చిన్న చిట్కా, కానీ ఇది లేకపోతే సిమ్యులేషనే లేదు. దీని ధర, సౌష్ఠవంలో కొంత భాగాన్ని మాత్రమే నిలుపుకోగలగడం.

ఎస్‌యూ-2 లెక్క ఏం చెప్పింది

నాలుగు ఫెర్మియాన్ల పదం లేకుండానే ముందు ఒక సిద్ధాంతాన్ని బాగా కొలిచిపెట్టారు. ఎస్‌యూ-2 గేజ్ బలం (రెండు రంగుల బలం; క్వార్కులది మూడు రంగుల ఎస్‌యూ-3), అందులో ఎడ్జాయింట్ రకం, అంటే గేజ్ కణాల్లాగే రంగు మోసే ఫెర్మియాన్లు రెండు. ఇది క్వార్కుల బలం లాంటిది కాదు. దూరాలు పెరిగేకొద్దీ బలం పెరిగిపోకుండా ఒక చోట ఆగిపోతుంది, ఏ కొలబద్దతో చూసినా ఒకేలా కనిపిస్తుంది. కన్ఫార్మల్ అంటారు. డిరాక్ మాత్రికకు (ముందు చెప్పిన ఫెర్మియాన్ మాత్రిక ఇదే) చిన్న ఐగెన్ విలువలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్క పెరిగే తీరు నుంచి పటెల్లా 2012లో గామాను 0.37 దగ్గర కట్టాడు. మన తీసివేతలో పెడితే కొలత 5.26. ఆరు నుంచి కాస్త జారింది గానీ నాలుగుకు చాలా దూరంలోనే ఉంది. గేజ్ బలం ఒక్కదానితో పని కాలేదన్నమాట.

అప్పుడు రెండో మీట తిప్పారు. 2017లో రంతహర్యు, పికా, సన్నినో ఇదే సిద్ధాంతానికి నాలుగు ఫెర్మియాన్ల పదం చేర్చి లాటిస్ మీద నడిపారు. ఆ బలం తక్కువగా ఉన్నంత వరకు సిద్ధాంతం కన్ఫార్మల్‌గానే ఉంది, ఎక్కువ చేస్తే సౌష్ఠవం విరిగింది. గడపకు చేరువయ్యేకొద్దీ గామా పెరుగుతూ వచ్చి 1 దగ్గరికి చేరింది. ‘ఐడియల్ వాకింగ్’ అని సిద్ధాంతకారులు కాగితం మీద కోరుకున్నది మొదటిసారి లెక్కలో కనిపించిందని వాళ్ల వాదన.

ఇది పెద్ద ఫలితమే. కానీ ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేయాలి. గడపకు ఇవతల, కన్ఫార్మల్ వైపు, నాలుగు ఫెర్మియాన్ల పదం ఇర్రెలవెంట్ అయితే చాలా పెద్ద దూరాల దగ్గర దాని జాడే ఉండకూడదు. ఆ మీట ఎక్కడ పెట్టినా చివరికి ఒకటే గామా రావాలి. మరి మీటతో పాటు గామా మారుతోందంటే రెండే దారులు. ఒకటి, లాటిస్ సైజు చాలక ఇంకా చివరి దూరాలకు మనం చేరలేదు, కనబడుతున్నది దారి మధ్యలోని గామా. రెండు, ఆ పదం నిజంగానే నాలుగు దగ్గరికి వచ్చి ఎటూ కదలకుండా నిలబడింది. మొదటిదైనా వాకింగ్ కోరుకునేవాళ్లకు నష్టం లేదు, వాళ్లకు కావాల్సింది దారి మధ్యలోని ప్రవర్తనే. కానీ రెంటికీ తేడా చెప్పాలంటే ఇంకా పెద్ద ముగ్గులు, ఇంకా దగ్గరి చుక్కలు కావాలి. ఒక్క సైజు లాటిస్ మీద వచ్చిన గామాను తుది మాటగా తీసుకోవడం తొందరపాటే.

చుక్కల సంగతే ఇంకో పేచీ. ముగ్గులో చుక్కలు చెరిగిపోయినా బొమ్మ మిగలాలి. లాటిస్ మీద కనిపించే ప్రతి దశ మార్పూ అలా మిగలదు. మార్పు మెల్లగా, తెంపు లేకుండా జరిగితేనే ఆ చోట చుక్కల మధ్య దూరాన్ని సున్నా చేసి అసలు సిద్ధాంతాన్ని పట్టుకోవచ్చు. నీళ్లు ఒక్కసారిగా మరిగినట్టు తెంపుతో మారితే అది చాలాసార్లు చుక్కల వల్ల పుట్టిన మాయే. నాలుగు ఫెర్మియాన్ల పదం నేరుగా చుక్క మీదే కూర్చునేది కాబట్టి ఈ మాయకు అది మరీ అనువైన చోటు. పైగా నీల్సన్, నినోమియా 1981లో చూపించినట్టు లాటిస్ మీద ఒక ఫెర్మియాన్ పెడితే నకళ్లతో కలిపి 16 వస్తాయి. నకళ్లను వదిలించుకోవడానికి విల్సన్ పద్ధతి వాడితే కైరల్ సౌష్ఠవమే ముందు విరుగుతుంది. అప్పుడు జంటలు కట్టకముందే సిగ్మాకు ఎంతో కొంత విలువ వచ్చి కూర్చుంటుంది. మనం చూడాల్సిన గడప ఆ రొదలో ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇవన్నీ సర్దుకున్నా, గీత రెండో చివర, గేజ్ బలం గడప దగ్గర, పరిస్థితి మరీ మొండి. అక్కడ పుట్టే బరువు గడప నుంచి దూరాన్ని బట్టి మామూలు ఘాతంగా పెరగదు. ఎక్స్‌పొనెన్షియల్‌లో, అదీ వర్గమూలం హారంలో పెట్టుకుని పుడుతుంది. దాన్ని మిరాన్‌స్కీ స్కేలింగ్ అంటారు. గడపకు కాస్త దగ్గరికి జరిగినా కావాల్సిన లాటిస్ సైజు విపరీతంగా పెరిగిపోతుంది.

పనికిరాదు కాబట్టే పనికొచ్చింది

ఇదే పదాన్ని పూర్తిగా తలకిందుల కారణంతో వాడినవాళ్లు ఉన్నారు. 1990ల చివర్లో కోగుట్, సింక్లెయిర్ బృందం మామూలు క్వార్కుల సిద్ధాంతానికే చిన్న నాలుగు ఫెర్మియాన్ల పదం కలిపింది. ఉద్దేశం కొత్త భౌతికశాస్త్రం కాదు, కంప్యూటర్‌కు ఊరట. క్వార్కు బరువు సున్నా చేస్తే మాత్రిక దాదాపు విలోమం లేని స్థితికి వచ్చి సమీకరణాలు తెమలవు. సిగ్మా ఉంటే, ఆ సున్నా దగ్గర కూడా అది మాత్రికకు కాస్త ఆసరా ఇస్తుంది. చుక్కల మధ్య దూరం తగ్గిస్తే ఆ పదం తనంతట తనే మాయమవుతుంది, ఎందుకంటే దాని కొలత ఆరు. కాబట్టి జవాబు చెడదు. ఒక చోట ఆరు ఆరుగా ఉంది కాబట్టి వాడారు, ఇంకో చోట ఆరు నాలుగవుతుందని వాడారు. ఒక వ్యాసంలో ఈ పదం కనిపించగానే ఏ కారణంతో పెట్టారో చూడకుండా ముందుకు పోతే చదివిందంతా అడ్డదిడ్డంగా అర్థమవుతుంది.

మూడో వాడకం ఇంకా విచిత్రం, ఈ పదేళ్లలో ఎక్కువ సందడి దాని చుట్టూనే. నంబు చెప్పిన దారిలో బరువు రావాలంటే సౌష్ఠవం విరగాలి. విరగకుండానే బరువు వస్తే? 1986లో ఐక్టెన్, ప్రెస్కిల్ ఇలాంటి ఊహతోనే లాటిస్ మీది నకళ్లకు మాత్రమే బరువు పెట్టి వదిలించుకోవాలని చూశారు. వాళ్ల నమూనా పనిచేయదని 1990ల మొదట్లో గోల్టర్‌మన్, పెచర్, రివాస్ తేల్చారు. ఆలోచన చాలా ఏళ్లు అటకెక్కింది. 2010లో ఫిడ్కోవ్‌స్కీ, కిటాయేవ్ ఒక సన్నటి తీగ లాంటి వ్యవస్థలో మయోరానా ఫెర్మియాన్లు (తమకు తామే ప్రతికణాలైనవి) సరిగ్గా ఎనిమిది ఉంటే, నాలుగు ఫెర్మియాన్ల పదంతో సౌష్ఠవం చెక్కుచెదరకుండా అన్నిటికీ బరువు ఇవ్వొచ్చని చూపించారు. 2015లో అయ్యర్, చంద్రశేఖరన్ మూడు డైమెన్షన్ల లాటిస్ మీద దాన్ని నడిపారు. బరువు లేని దశ నుంచి బరువున్న దశకు ఒకే అడుగులో, తెంపు లేకుండా, జంటల నిండుదనం ఎక్కడా కనిపించకుండా దాటింది. నాలుగు డైమెన్షన్లలో మధ్యలో ఒక సన్నటి దశ అడ్డొచ్చింది, అక్కడ కాసేపు సౌష్ఠవం విరుగుతుంది.

నాలుగు డైమెన్షన్లలో ఎనిమిది స్థానంలో పదహారు వస్తుంది. రైట్ హ్యాండెడ్ న్యూట్రినోను కూడా కలుపుకుంటే మన స్టాండర్డ్ మోడల్‌లో ఒక తరం ఫెర్మియాన్లు సరిగ్గా పదహారు. ఇది కాకతాళీయమా, సూచనా అన్న చర్చ నడుస్తోంది. కాకతాళీయం అని కొట్టిపారేయడానికి ధైర్యం చాలదు, సూచన అనడానికి ఆధారం చాలదు. 2022లో అన్నా హాసెన్‌ఫ్రాట్జ్ ఎనిమిది రకాల క్వార్కులున్న ఎస్‌యూ-3 సిద్ధాంతాన్ని లాటిస్ మీద చూసి, బలమైన వైపు ఇలా సౌష్ఠవం విరగకుండా బరువున్న దశ ఉందని, అక్కడికి దాటే మార్పు తెంపు లేనిదిగా కనిపిస్తోందని రాశారు. అక్కడ నాలుగు ఫెర్మియాన్ల పదాన్ని ఎవరూ చేత్తో కలపలేదు. గేజ్ బలమే దాన్ని పుట్టించుకుంటుంది.

హైదరాబాద్‌లో దీన్ని మొదలుపెట్టాలనుకునే విద్యార్థికి నాలుగు డైమెన్షన్లు అవసరం లేదు. ఐఐటీలోని పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, దాని దాకా కూడా పోనక్కర్లేదు. రెండు డైమెన్షన్లలో గేజ్ ఫీల్డు లేకుండా ఇదే పదం ఉన్న నమూనాను 1974లో గ్రాస్, నెవ్యూ రాశారు. అక్కడ ఫెర్మియాన్ కొలత అర, నాలుగు కలిపితే 2. దేశకాలం కొలతా 2. మొదటి రోజు నుంచే సమానం, జారాల్సిన పనే లేదు. 16 బై 16 లాటిస్ పెట్టి, ఒక్కో చుక్కలో రెండు స్పిన్లు లెక్కేస్తే మాత్రికకు 512 వరసలు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా డిటర్మినెంట్ నేరుగా తీసేయొచ్చు. సిగ్మా సగటు విలువలను రాత్రంతా పోగేసి పొద్దున్నే హిస్టోగ్రామ్ గీస్తే, బలం తక్కువ ఉన్నప్పుడు సున్నా దగ్గర ఒకే గుట్ట ఉంటుంది. బలం పెంచుకుంటూ పోతే అది రెండు గుట్టలుగా చీలుతుంది, ఒకటి ప్లస్ వైపు, ఒకటి మైనస్ వైపు. లాటిస్‌ను 8 బై 8కి తగ్గిస్తే రెండు గుట్టల మధ్య లోయ పూడిపోతూ వస్తుంది, సిగ్మా ఇటూ అటూ గెంతుతుంది. ఇంత చిన్న లాటిస్ మీద సౌష్ఠవం విరిగిందో లేదో చెప్పడం ఎంత కష్టమో ఆ గెంతులు చూస్తే తెలుస్తుంది.